రొయ్యల గుంట గట్టు మీద హానిబాల్

రాత్రి రెండు దాటిందంటే గట్టు మీద మేలుకొని ఉండేది ఇద్దరమే. నేను, మా గుంటల కాపలా తాత. నెల్లూరు జిల్లా మైపాడు దగ్గర మావి మూడు రొయ్యల గుంటలు. వనామి రకం రొయ్య పిల్ల వేసిన రోజు నుంచి పట్టుబడి దాకా నాలుగు నెలలు నా పడక షెడ్డులోనే. తెల్లారుజామున నీళ్లల్లో ఆక్సిజన్ పడిపోతుంది, నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్ల చప్పుడు వింటా కూర్చోవాలి. చప్పుడు ఆగితే పరుగు. ఆగనంతసేపూ పనేం లేదు. ఆ ఖాళీలో రెండు పంటల నుంచి ఆడుతున్న ఆట గురించి ఇది.

కంప్యూటర్‌లో ఆడే ఈ యుద్ధాల ఆట పేరు రోమ్: టోటల్ వార్. బ్రిటన్‌లోని క్రియేటివ్ అసెంబ్లీ అనే కంపెనీ 2004లో తెచ్చింది. ఇంజనీరింగ్ హాస్టల్లో పక్క రూమువాడు ఆడుతుంటే వెనక నిలబడి చూసేవాణ్ణి, సొంతంగా కొన్నది మాత్రం మొన్న మొన్ననే. 2021లో దీన్నే రీమాస్టర్డ్ అని మెరుగులు దిద్ది వదిలారు. అది కొంటే పాతది కూడా దాంతోపాటే వస్తుంది. కొత్తది వేసి చూశా. నా ల్యాప్‌టాప్ ఫ్యాను మా ఏరియేటర్‌తో పోటీ పెట్టుకుంది. ఉప్పుగాలికి అది అప్పటికే సగం పోయి ఉంది, నెల్లూరులో ఒక షాపువాడు బాగుచేశానని డబ్బులు తీసుకొని ఉన్న స్క్రూల్లో రెండు తగ్గించి ఇచ్చాడు. కాబట్టి పాతదే ఆడుతున్నా, ఈ సమీక్షా దానికే.

మ్యాపు మీద ఊళ్లు కట్టుకుంటూ, పన్నులు వేసుకుంటూ రాజ్యం పెంచే పెద్ద ఆట ఒకటి ఉంది. అది బాగుంటుంది, జనం ఎక్కువ మాట్లాడేదీ దాని గురించే. నాకు మాత్రం హిస్టారికల్ బ్యాటిల్స్ అనే చిన్న భాగం పట్టుకుంది. నిజంగా జరిగిన యుద్ధాలను ఒక్కొక్కటి విడిగా మన చేతికిస్తారు. క్రీ.పూ. 279 నాటి ఆస్కులం, 218 ట్రెబియా నది, 217 ట్రాసిమెనే సరస్సు, అదే ఏడు రఫియా, 53 కారే, క్రీ.శ. 9లో జర్మనీ అడవుల్లో రోమన్లను ఊచకోత కోసిన ట్యూటోబర్గ్, ఇట్లాంటివి. గంటలో తేలిపోతుంది ఏదైనా. రాత్రి కాపలాకి సరిగ్గా సరిపోయే కొలత.

దీని ఇంజన్, అంటే ఆటను లోపల నడిపించే ప్రోగ్రాం, మీద నమ్మకం ఎంతుండేదంటే, ఆట బజారుకు రాకముందే 2003లో బీబీసీవాళ్లు టైమ్ కమాండర్స్ అని ఒక కార్యక్రమం పెట్టి, మామూలు జనాన్ని కూర్చోబెట్టి పాత యుద్ధాలను దీంట్లోనే మళ్లీ చేయించారు.

ఇందులో నాకు తెగ నచ్చింది చావు కాదు, పారిపోవడం. మిగతా ఆటల్లో సైనికుడు ఆఖరి బొట్టు దాకా కొడుతూనే ఉంటాడు. ఇక్కడ అట్టా కాదు. ప్రతి దళానికీ ఒక గుండె ధైర్యం ఉంటుంది. ముందు నుంచి ఎంత కొట్టినా నిలబడ్డవాళ్లు, వెనక నుంచి ఇరవై గుర్రాలు వచ్చి పడేసరికి జెండా రెపరెపలాడించి తెల్లగా మార్చేస్తారు. ఒక దళం పరిగెత్తితే పక్క దళం అటు చూస్తుంది. సేనాపతి చచ్చాడంటే ఇక చెప్పక్కర్లేదు. గట్టు ఒకచోట తెగితే ఎంత మట్టి వేసినా నిలవనట్టు, మొత్తం కొట్టుకుపోతుంది. పాత యుద్ధాల్లో ఎక్కువమంది చచ్చింది ఎదురెదురుగా కొట్టుకున్నప్పుడు కాదు, వరస విరిగి వెన్ను చూపించాకే. మామూలుగా చదివితే ఆ ముక్క నా తలకెక్కేది కాదు. ఇక్కడ మౌస్ పట్టుకున్న చేతికి ఎక్కింది.

ట్రెబియా ఆడుతున్నప్పుడు తాత వచ్చి వెనక కూర్చున్నాడు. నేను హానిబాల్‌ని, రోమ్‌కు శత్రువైన కార్తేజ్ సేనాపతిని. ఏనుగుల్ని చూసి తాతకు హుషారొచ్చింది. నాలుగు నిమిషాలు చూసి, "ఎవురబ్బయ్యా అవతలోళ్లు?" అన్నాడు.

రోమన్లు తాతా అని అసలు కథ చెప్పా. డిసెంబరు చలి. తెల్లారుతూనే హానిబాల్ ఉత్తర ఆఫ్రికాలోని నుమిడియా నుంచి తెచ్చుకున్న గుర్రాలవాళ్లను పంపి రోమన్ల శిబిరం ముందు రెచ్చగొట్టించాడు. వాళ్ల సేనాపతి సెంప్రోనియస్‌కి కోపం ఎక్కువ. సద్ది కూడా తిననివ్వకుండా సైన్యాన్ని లేపి, రొమ్ములోతు నీళ్లల్లో ఏరు దాటించాడు. ఇవతల హానిబాల్ మనుషులు కడుపునిండా తిని, మంటల దగ్గర ఒంటికి నూనె రాసుకొని తయారుగా ఉన్నారు. హానిబాల్ తమ్ముడు మాగో వెయ్యి మంది కాల్బలం, వెయ్యి గుర్రాలతో పొదల చాటున ఒక వాగులో దాక్కొని ఉన్నాడు.

తాత తెర వైపు వేలు చూపించి, "మరి వీళ్లు గట్టిగానే కొడతా ఉండారే? అన్నం తినకుండా నీళ్లల్లో దిగినోడు కత్తి యాడ పట్టుకుంటాడు? వేళ్లు వంగవు గదా" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ మాట నిజం. జనవరిలో ఏరియేటర్ ఫ్యానుకు నాచు చుట్టుకుంటే తెల్లారుజామున నడుం లోతు నీళ్లల్లో దిగి కోసేది మేమే. పది నిమిషాలకే కత్తి చేతిలో ఉందో జారిందో తెలియదు. మైపాడు చలి ఇటలీ చలిలో పదో వంతు కూడా ఉండదు. ఆటలో అలసట ఉంది, పరిగెత్తిస్తే దళం డస్సిపోతుంది, కొట్లాడితే ఇంకా డస్సిపోతుంది. ఆకలికి మాత్రం లెక్క లేదు, తడిసిన బట్టకు లెక్క లేదు. ట్రెబియాలో హానిబాల్ సగం గెలుపు పొద్దున సద్ది దగ్గరే గెలిచాడు. ఆట మొదలయ్యేది ఆ సద్ది అయిపోయాక. ఇరవై ఏళ్లుగా జనం పొగిడే ఆటలో ఈ లోపం పట్టుకున్నది సంతకం తప్ప రాయడం రాని మా తాత.

కారేది ఇంకో సంగతి. ఇరాన్ వైపు పార్థియన్ల విలుకాళ్లు గుర్రాల మీద చుట్టూ తిరుగుతూ బాణాలు కురిపిస్తుంటే, రోమన్ సేనాపతి క్రాసస్ మనుషులు బాణాలు అయిపోతాయిలే అని డాళ్ల చాటున కాచుకున్నారు. అయిపోలేదు. సురేనా అనే వాళ్ల సేనాపతి ఒంటెల మీద మోపులు మోపులుగా బాణాలు తెప్పించి పెట్టుకున్నాడు. రోమన్ల గుండె జారింది ఆ ఒంటెల్ని చూసే. నేను కస్టమ్ బ్యాటిల్‌లో, అంటే మనకు నచ్చిన సైన్యాలు ఎంచుకొని ఆడే భాగంలో, పార్థియన్ గుర్రాలు పెట్టుకొని ఆడి చూశా. ఒక్కో దళానికి ఇన్ని బాణాలని లెక్క ఉంది, అవి అయిపోతే మన విలుకాళ్లు ఉత్త చేతులతో చక్కర్లు కొట్టాల్సిందే. రోమన్లు తాబేటి డిప్పలా డాళ్లు కప్పుకొని నిమ్మళంగా కూర్చున్నారు. ఆ గెలుపు తెచ్చిపెట్టిన సరుకే లేకపోతే ఇక అది కారే ఎట్టా అవుతుంది? మేత లారీ ఆలస్యమైతే పంట ఏమవుతుందో తెలిసినవాడెవడైనా ముందు ఒంటెల్ని పెట్టేవాడు.

రఫియా అయితే నవ్వొస్తుంది. పాతకాలం గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ లెక్కలో అటు ఈజిప్టు రాజు నాలుగో టాలెమీవి 73 ఏనుగులు, ఇటు సిరియా వైపు రాజు మూడో ఆంటియోకస్‌వి 102. ఆంటియోకస్ ఏనుగులు మన ఇండియావైపువి, వాటి వాసనకే టాలెమీ ఆఫ్రికా ఏనుగులు బెదిరాయని పాలిబియసే రాశాడు. టాలెమీలు జాతికి మాసిడోనియా గ్రీకులు, వాళ్ల సైన్యం పొడుగు బల్లేల వరసలతో నడిచేది. ఆటలో ఈజిప్టువాళ్లు మాత్రం వెయ్యేళ్ల వెనకటి ఫారో కాలం వేషంలో, తలకు గుడ్డలు చుట్టుకొని రథాల మీద వస్తారు. మన నాటకాలవాళ్లు కర్ణుడి కిరీటమే దుర్యోధనుడికీ పెట్టినట్టు.

ఏనుగులకు మాత్రం న్యాయం చేశారు. బాణాలకు, మంటకు బెదిరితే మనా పరా చూడకుండా తొక్కుతాయి. అప్పుడు వాటిని చంపేయమని మావటీలకు చెప్పే వీలుంది. ఇది కల్పన కాదు, మావటి దగ్గర ఉలి, సుత్తి ఉండేవని, ఏనుగు అదుపు తప్పితే మెడ మీద దిగ్గొట్టేవాడని రోమన్ చరిత్రకారుడు లివీ రాశాడు. మొదటిసారి ఆ బటన్ నొక్కినప్పుడు తాత లేచి బయటికి వెళ్లిపోయాడు. మర్నాడు రాత్రి దాకా షెడ్డు వైపు రాలేదు.

ఇంకో చిక్కు, యుద్ధం మధ్యలో సేవ్ చేసుకునే వీల్లేదు. పాజ్ ఉంది, పాజ్‌లో ఉండగా ఆజ్ఞలు కూడా ఇచ్చుకోవచ్చు, అది పుణ్యం. కానీ కరెంటు పోతే ఏంది గతి? నా ల్యాప్‌టాప్ బ్యాటరీ చచ్చి మూడేళ్లు. మొన్న ట్రాసిమెనే పొగమంచులో రోమన్లను సరస్సులోకి నెట్టేస్తున్నా. ఠప్. ఏరియేటర్లూ ఆగాయి. జనరేటర్ తిప్పేసరికి రెండో గుంటలో రొయ్య పైకి తేలి మూతులు పెట్టింది. ఆ రాత్రి ఎవరు గెలిచారో నాకు తెలియదు.

ఆడుతున్నంతసేపూ మనసు ఉదయగిరి మీదికి పోతుంది. 1513లో కృష్ణదేవరాయలు మన జిల్లాలో ఆ కొండ కింద దిగితే, దుర్గం చేతికొచ్చేసరికి ఏడాదిన్నర పట్టింది. మా లెక్కలో నాలుగు పంటలు. గజపతుల మనుషులు పైన, దారి ఇరుకు, బండలు పగలగొట్టి బాటలు చేశారు. అక్కడి బాలకృష్ణుణ్ణి తీసుకుపోయి హంపీలో గుడి కట్టించాడు, ఆ విగ్రహం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ట్రెబియాలో రోమన్లు ఏ ఒడ్డున ఉన్నారో నిద్రలో లేపినా చెప్తా. ఉదయగిరిలో రాయల గుడారాలు కొండకు ఏ దిక్కున వేశారో నాకు తెలియదు, నేనేమో మూడుసార్లు ఆ కొండెక్కినవాణ్ణి.

కొనాలా అంటే, సేల్‌లో తగ్గినప్పుడు కొనండి. పాత కంప్యూటర్ చాలు. బొమ్మలు పాతవే, దగ్గరికి పోయి చూస్తే మనుషుల మొహాలు ఉడకబెట్టిన చిలగడదుంపల్లా ఉంటాయి, దూరం నుంచి చూడండి. ఇంగ్లీషు కొంచెం వస్తే ఇబ్బంది లేదు. ముందు ట్రెబియా ఆడండి, ట్యూటోబర్గ్ జోలికి మొదటి వారం పోకండి. యూపీఎస్ ఒకటి పెట్టుకోండి.

తాత ఇప్పుడు రోజూ మేత చల్లడం అయ్యాక షెడ్డు గుమ్మంలో నిలబడి అడుగుతాడు, "ఈ పొద్దు ఏనుగులుండాయా, లేవా?" అని. ఉన్నాయంటే లోపలికి రాడు.