అద్దెకి తీసుకున్న +49 నంబరుతో వాట్సాప్: కోడ్ అయితే వచ్చింది

జర్మనీకి అడ్మిషన్ వచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ జూలై, ఆగస్టు నెలల్లో ఇదే ప్రశ్న. "అక్కా, ఇండియాలో ఉండగానే +49 (జర్మనీ కోడ్) నంబరుతో వాట్సాప్ తెరవొచ్చా?" తెరవొచ్చు. నేను హనుమకొండలో మా ఇంట్లో కూర్చునే తెరిచాను. అయినా మిమ్మల్ని వద్దనే అంటాను.

అసలు ఆ నంబరు ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పాలి. మాగ్డెబుర్గ్‌లో సీటు వచ్చింది, హాస్టల్ వెయిటింగ్ లిస్టులో ఉన్నాను, వీసా ఇంకా రాలేదు. బయట గదుల కోసం మెసేజ్‌లు పెడుతుంటే జవాబులు లేవు. +91 చూసి అక్కడి ఇంటి ఓనర్లు పక్కన పెడుతున్నారని సీనియర్లు గట్టిగా చెప్పారు. వీసా కోసం ఖర్చుల డబ్బు ముందే వేసి చూపించాల్సిన బ్లాక్డ్ అకౌంట్‌లో 11,904 యూరోలు వేయడానికి అప్పటికే లోన్ తీసుకున్న ఇల్లు మాది. దాని పక్కన నెలకి దాదాపు 800 రూపాయల నంబరు అద్దె ఒక లెక్కా అనిపించింది.

నంబర్లు అద్దెకిచ్చే ఆ యాప్ పేరు రాయను. ప్లేస్టోర్‌లో ఇలాంటివి బోలెడున్నాయి, ఒకదాన్ని తిడితే పక్కదానికి బేరం పెరుగుతుంది. దేశం ఎంచుకోవాలి, నంబరు ఎంచుకోవాలి, డబ్బు కట్టాలి. నాన్న కార్డులో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆఫ్‌లో ఉన్నాయి. 2020 అక్టోబరు నుంచి ఆర్‌బీఐ నిబంధన అది, మనం ఆన్ చేస్తే తప్ప బయటి దేశాల వాళ్ళకి డబ్బు వెళ్ళదు. "వాళ్ళెవరో, ఏందో, కార్డు నంబరు ఇచ్చుడు అవసరమా" అని నాన్న గొణిగాడు. చివరికి లిమిట్ వెయ్యి రూపాయలకి తగ్గించి ఆన్ చేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో అందరూ కాపీ కొట్టదగ్గ తెలివి అదొక్కటే.

మొదట ఇచ్చిన నంబరు 0391తో మొదలయ్యేది, అంటే మాగ్డెబుర్గ్ ల్యాండ్‌లైన్ కోడ్. ఊరి కోడే దొరికిందని సంబరపడ్డాను. వాట్సాప్ మాత్రం దాన్ని ఒప్పుకోలేదు. ఇంటర్నెట్ ఫోన్ నంబర్లు, టోల్‌ఫ్రీ నంబర్లు పనిచేయవని వాట్సాప్ తన సహాయ పేజీలోనే రాసుకుంది. ఈ యాప్ ఆ ముక్క ఎక్కడా చెప్పదు. డబ్బు తిరిగి ఇమ్మంటే కార్డులోకి కాకుండా యాప్‌లోని వాలెట్‌లో పాయింట్లుగా వేశారు. వాటితో ఇంకో నంబరు కొనుక్కోవడం తప్ప చేసేదేమీ లేదు.

కొన్నాను. ఈసారి 015తో మొదలయ్యే మొబైల్ నంబరు. కోడ్ నిమిషంలో వచ్చింది. ఆనందంగా కొడితే, ఆరంకెల పిన్ అడిగింది. నేను పెట్టని పిన్! నాకంటే ముందు ఆ నంబరు అద్దెకి తీసుకున్నవాళ్ళెవరో టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని వెళ్ళిపోయారు. పిన్ తెలియకపోతే వారం ఆగి రీసెట్ చేసుకోవాలి. వారం ఆగితే అద్దెలో పావు వంతు గాలికి పోతుంది. కస్టమర్ కేర్ అనే చాట్ కిటికీలో "మీ ఓపికకు ధన్యవాదాలు" అని వచ్చింది. ఎన్నిసార్లు అడిగినా అదే వాక్యం.

ఇంకో నంబరు పనిచేసింది. ప్రొఫైల్ ఫోటో పెట్టాను, పేరు పెట్టాను, చక్కగా +49 అని కనిపిస్తోంది. ముందు అమ్మకి మెసేజ్ పెట్టాను. జవాబు లేదు. వంటింట్లోకి వెళ్ళి అడిగితే, "ఎవడో ఫారిన్ నంబరు నుంచి అమ్మా అని పెట్టిండు, బ్లాక్ చేసిన" అంది. అమ్మని తప్పుపట్టలేం. 2023 మే నెలలో ఇథియోపియా, ఇండోనేషియా, వియత్నాం నంబర్ల నుంచి మన దేశంలో వేలాదిమందికి వాట్సాప్ మిస్డ్ కాల్స్ వచ్చిన గొడవ ఆవిడకి బాగా గుర్తుంది.

ఆ తరువాత వచ్చిన మెసేజ్‌లు మాత్రం నాకోసం వచ్చినవి కావు. ఒకాయన జర్మన్‌లో అడిగాడు, వాషింగ్ మెషీన్ ఇంకా ఉందా అని. లేదని రాశాను, పాపం. మర్నాడు ఒకావిడ పొడవాటి మెసేజ్ పెట్టింది. ట్రాన్స్‌లేటర్‌లో వేసి చదివాను. గది కోసం డిపాజిట్ పంపాను, తాళాలు కొరియర్‌లో రాలేదు, నా డబ్బు నాకు ఇవ్వు, లేకపోతే పోలీసులకి చెబుతా అని.

ఆ మెసేజ్ చదివాక చాలాసేపు టెన్షన్. గది మోసాల గురించి అంతకుముందే విని ఉన్నాను. ఇంటి ఓనర్ లండన్‌లో ఉన్నానంటాడు, చూపించడానికి రాలేనంటాడు, ముందు డబ్బు పంపితే తాళాలు పోస్టులో వేస్తానంటాడు. అలాంటివాడికీ ఒక +49 నంబరు కావాలి. హనుమకొండలో ఉండి జర్మనీలో ఉన్నట్టు కనిపించడానికి నేను ఏ నంబరు వాడానో, గది లేకుండానే గది ఉన్నట్టు కనిపించడానికి అతనూ అదే వాడుకున్నాడు. నంబరు చూసి అవతలి మనిషిని నమ్మడం ఆ రోజుతో మానేశాను. మీకు గది చూపించే వ్యక్తి నంబరు +49తో మొదలైతే అది దేనికీ రుజువు కాదు. వీడియో కాల్‌లో గది చూపించమనండి. వీలైతే అక్కడున్న సీనియర్‌ని ఒకసారి పంపండి.

ఇంకో సంగతి తరువాత వెలిగింది. జర్మనీలో 2017 జూలై నుంచి ప్రీపెయిడ్ సిమ్ ఇవ్వాలంటే గుర్తింపు కార్డు చూడాలి. నా పాస్‌పోర్టు ఈ యాప్‌లో ఎవరూ అడగలేదు. అంటే నా చేతికి వచ్చిన మొబైల్ నంబరు వేరే ఎవరి పేరు మీదో ఉంది. ల్యాండ్‌లైన్ కోడ్‌తో నంబరు కావాలన్నా ఆ ఊరితో సంబంధం ఉన్నట్టు చిరునామా చూపించాలని అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ బుండెస్‌నెట్జ్‌అగెంటూర్ నియమం. నిజాయితీగా అమ్మే కంపెనీలు చిరునామా పత్రం అడిగేది అందుకే. ఏమీ అడగకుండా ఇస్తున్నారంటే సుఖంగా ఉందని మురిసిపోకండి, అనుమానించండి.

ఇక అసలు లోపం. ఈ యాప్‌లు అమ్మేది కోడ్ ఒక్కసారి రావడం. మనకి కావాల్సింది ఆ నంబరు మనదగ్గరే ఉండటం. ఫోన్ మార్చినా, పోయినా, యాప్ తీసేసి మళ్ళీ వేసుకున్నా వాట్సాప్ ఆ నంబరుకే కోడ్ పంపుతుంది. అద్దె గడువు ముగిసే ముందు రెన్యూ చేయబోతే "ఈ నంబరు అందుబాటులో లేదు" అని వచ్చింది. హాస్టల్ గది ఖాళీ చేసి బీరువా మాత్రం అక్కడే వదిలి వచ్చినట్టయింది నా పని. తరువాత ఆ నంబరు తీసుకున్నవాళ్ళు కోడ్ కొట్టగానే నన్ను బయటికి నెట్టి నా గ్రూపుల్లో కూర్చోగలరు. నేను పిన్ పెట్టి ఉంటే కొంతకాలం ఆపగలను, అంతే. అందుకే గడువు తీరకముందే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఆ అకౌంట్‌ని డిలీట్ చేశాను. యాప్ అన్‌ఇన్‌స్టాల్ చేస్తే అకౌంట్ పోదు, ఇది చాలామందికి తెలియదు. వాడకపోతే దానంతట అది పోవడానికి 120 రోజులు పడుతుంది.

ఉచితంగా నంబరు ఇచ్చి, దానికి వచ్చే ఎస్ఎంఎస్‌లు అందరికీ కనిపించేలా పెట్టే వెబ్‌సైట్ల గురించి రెండు ముక్కలు చాలు. మీ కోడ్ మీతోపాటు ప్రపంచమంతా చదువుతుంది. అటు పోకండి.

గది సంగతా? చివరికి +91 నంబరు నుంచి పెట్టిన మెసేజ్‌కే దొరికింది. జర్మన్‌లో నాలుగు వాక్యాలు రాశాను: ఎవరిని, ఏ కోర్సు, ఏ తేదీ నుంచి కావాలి, అడ్మిషన్ లెటర్ జతచేశాను అని. అంతకుముందు "హాయ్, రూమ్ అవైలబుల్?" అని పెట్టేదాన్ని. జవాబులు రాకపోవడానికి కారణం నంబరు కాదేమో మరి.

జర్మనీలో దిగాక మొదటి వారంలోనే ఆల్డీలో ఆల్డీ టాక్ సిమ్ తీసుకున్నాను. సూపర్ మార్కెట్‌లో పాల ప్యాకెట్ల పక్కన సిమ్ కొనడం మొదట్లో వింతగా ఉంటుంది. ఇంకో సూపర్ మార్కెట్ లిడ్ల్ వాళ్ళది లిడ్ల్ కనెక్ట్, అదీ ఇలాంటిదే. పాస్‌పోర్టు చూపించి గుర్తింపు పూర్తి చేయాలి. వీడియో కాల్‌లో కుదరకపోతే కంగారు పడక్కర్లేదు, పోస్టాఫీసులో చేయించుకోవచ్చు. ఆ నంబరు నా పేరు మీద ఉంది, అన్నిటికంటే నాకు నచ్చింది అదే. ఆండ్రాయిడ్‌లో ఒకే వాట్సాప్‌లో రెండు అకౌంట్లు పెట్టుకునే వీలు 2023 అక్టోబరులో వచ్చింది కాబట్టి +91, +49 రెండూ ఒకే ఫోన్‌లో నడుస్తున్నాయి. ఇంటి ఇంటర్నెట్‌తోపాటు సొంత ల్యాండ్‌లైన్ ఉంటే వాట్సాప్ బిజినెస్‌ని దానితో తెరవొచ్చు, కోడ్ కాల్‌లో చదివి చెబుతారు. మన పచ్చళ్ళు, టిఫిన్లు అమ్మేవాళ్ళకి అది సరిగ్గా సరిపోతుంది.

ఇండియా సిమ్‌ని మాత్రం పారేయకండి. బ్యాంకు ఓటీపీలన్నీ దానికే వస్తాయి. మన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం ప్రీపెయిడ్ నంబరు 90 రోజులు వాడకుండా వదిలేస్తే కట్ చేయొచ్చు, ఆ తరువాత అది ఇంకొకరికి వెళుతుంది. పైగా సిమ్ ఫోన్‌లో ఉంటేనే ఖాతా నడిచేలా చూడమని 2025 నవంబరులో మన టెలికాం శాఖ వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌లని ఆదేశించింది. మా నాన్న చౌరస్తా దగ్గరి షాపులో నెలనెలా నా నంబరుకి రీచార్జ్ చేయించి, స్క్రీన్‌షాట్ పెట్టి, "అయింది బిడ్డా" అని రాస్తాడు.

రేటింగ్ ఇవ్వాలి కాబట్టి, అద్దె నంబరు యాప్‌కి ఐదుకి ఒకటి. ఆల్డీ టాక్ సిమ్‌కి నాలుగున్నర, ఆ అర ఎందుకు తగ్గించానంటే మా గదిలో సిగ్నల్ కిటికీ దగ్గర తప్ప రాదు. ఆ యాప్ వాలెట్‌లో నావి కొన్ని పాయింట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. వాటిని వాడుకోమని ప్రతి పండక్కీ ఈమెయిల్ పంపుతారు, మన పండగలకి కూడా.