శుక్లాల శిబిరం: ఊళ్లోనే ఆపరేషనా, బస్సులో ఆస్పత్రికా?

అచ్చంపేట, దేవరకొండ పక్క ఊళ్లల్లో శుక్లాల శిబిరానికి రెండు దారులు. బడి గదినే థియేటర్ చేసి అక్కడే కోయడం ఒకటి. ఊళ్లో పరీక్షలు మాత్రమే చేసి, అవసరమున్నవాళ్లను బస్సులో ఆస్పత్రికి తీసుకుపోవడం రెండోది.

మొదటిదాంట్లో ముసలమ్మ ఇల్లు కదలక్కర్లేదు, కొడుకు కూలి పోదు. కానీ పరికరాలు ఆటోక్లేవ్‌లో (ఆవిరి వేడితో క్రిములను చంపే యంత్రం) 121 డిగ్రీల దగ్గర కనీసం 15 నిమిషాలు ఉండాలి, ఆపై ఆరాలి. మధ్యలో కరెంటు పోతే లెక్క మళ్లీ మొదటికే. నలభై మంది లైన్లో కూర్చుంటే ఎవరో ఒకరు తొందరపడతారు. ఆపరేషన్‌లో కంటిలోకి ఎక్కించే ఫ్లూయిడ్ సీసా ఒక్కటి చెడినా, అది వాడిన కళ్లన్నిటికీ చీము పట్టొచ్చు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకేరోజు 34 మందికి కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. అది ప్రభుత్వాస్పత్రి, ఇక బడి గది సంగతి చెప్పాలా?

మొగ్గు రెండోదానికే. ఆస్పత్రిలో ఎ-స్కాన్‌తో (కంటి అల్ట్రాసౌండ్) కంటి పొడవు కొలిచి, దాన్నిబట్టి పెట్టాల్సిన లెన్స్ పవర్ లెక్కిస్తారు, బీపీ, షుగర్ చూస్తారు, కోతకు ముందు క్రిములను చంపే 5 శాతం పోవిడోన్ అయోడిన్ కంట్లో వేసి మూడు నిమిషాలు ఆగుతారు. తెల్లారి కట్టు విప్పి చూడటానికి డాక్టరు అక్కడే ఉంటారు. చిక్కల్లా ఆ తర్వాత. వారానికి, మళ్లీ నెల దాటాక చెకప్‌కు రమ్మంటారు, అప్పుడు బస్సుండదు. కొడుకు పుణె పనికి పోయి ఉంటే చుక్కలు వేసే చెయ్యీ ఉండదు. ఆ తిరుగు ప్రయాణాల ఖర్చు శిబిరం బడ్జెట్‌లో ముందే రాయాలి.

ఇంకోటి, బస్సెక్కాక వేయించే వేలిముద్ర సమ్మతి కాదు. ఏ కన్ను, ఎందుకు, చూపు రాకపోవచ్చా అనేది ఇంటివాళ్ల ముందే, తండాలో అయితే లంబాడీ భాషలోనే చెప్పాలి. వద్దంటే బస్సు ఖాళీగా పోనివ్వండి.