గ్రీనిచ్ వెళ్ళి అసలు ఆస్పత్రి చూడకుండా వచ్చేస్తున్నారు

లండన్‌లో చదివే పిల్లల్ని చూడ్డానికి గుంటూరు, బెజవాడల నుంచి వెళ్ళే అమ్మానాన్నలకి ఏజెంట్లు అమ్మే ప్యాకేజీలో ‘గ్రీనిచ్ యూనివర్సిటీ’ అని ఉంటుంది. నమ్మకండి. వ్యాను దింపి ముప్పావుగంట టైమిస్తారు. కొండెక్కి మెరీడియన్ గీత (సున్నా రేఖాంశం) మీద ఫొటో దిగేసరికే అది చెల్లు. ఒక పూట పెట్టుకుని సొంతంగా వెళ్ళండి.

అక్కడ తికమకంతా పేరుతోనే. నది ఒడ్డున జంట గుమ్మటాల కింద ఉన్న ‘రాయల్ హాస్పిటల్ ఫర్ సీమెన్’ మనమనుకునే ఆస్పత్రి కాదు, ముసలి నావికుల ఆశ్రమం. 1694లో రాజశాసనం, నక్షా వాస్తుశిల్పి క్రిస్టఫర్ రెన్‌ది, 1705లో మొదటి నావికులు చేరారు. 1869లో మూతపడింది. 1873 నుంచి నేవీ కాలేజీ, 1998లో నేవీ ఖాళీ చేశాక యూనివర్సిటీ.

మందూ మంచమూ ఉన్న అసలు ఆస్పత్రి ఆ పక్కనే, కింగ్ విలియం వాక్ వైపున్న డ్రెడ్‌నాట్ భవనం. ఆశ్రమంలో జబ్బుపడ్డవాళ్ళ కోసం 1760ల్లో జేమ్స్ స్టూవర్ట్ నక్షాతో కట్టారు. 1870లో నావికుల ఆస్పత్రి ఒకటి ఇందులోకి మారింది. అంతకుముందు అది నడిచింది థేమ్స్‌లో లంగరేసిన ఓడల్లో! వాటిలో ఒకటి ట్రఫాల్గర్ నౌకాయుద్ధంలో పోరాడిన డ్రెడ్‌నాట్, ఆ పేరే భవనానికి మిగిలింది. 1986లో ఆస్పత్రి మూసేశారు. యూనివర్సిటీ దీన్ని ముందు లైబ్రరీ చేసింది, 2014లో లైబ్రరీ స్టాక్‌వెల్ స్ట్రీట్‌కి వెళ్ళింది. ఇది టికెట్ పెట్టి చూపించే చోటు కాదు, నడుస్తున్న కాలేజీ. లోపలికి రానిస్తారో లేదో మీ అబ్బాయినో అమ్మాయినో ముందే రిసెప్షన్‌లో అడగమనండి.

ఆ జంట గుమ్మటాల్లో ఒకదాని కింద ఉన్న పెయింటెడ్ హాల్‌కి టికెట్ ఉంది, కొనండి. చిత్రకారుడు థార్న్‌హిల్ 1707 నుంచి 1726 దాకా వేసిన పైకప్పది, మెడ నొప్పి పుట్టినా ఫరవాలేదు. ట్రఫాల్గర్‌లో చనిపోయిన నౌకాదళ సేనాని నెల్సన్ భౌతికకాయాన్ని 1806లో జనం దర్శనానికి ఉంచింది ఇక్కడే. ఎదురుగా ఉన్న చాపెల్ ఉచితం. రోడ్డవతల మారిటైమ్ మ్యూజియం కూడా ఉచితమే, కాళ్ళు నొప్పిగా ఉంటే అది మానేయొచ్చు.

వాటర్‌లూ నుంచి 188 నంబరు బస్సు ఎక్కండి. 2025లో టికెట్ 1.75 పౌండ్లు, మన డబ్బుల్లో దాదాపు 200. గంటలోపు ఇంకో బస్సెక్కితే దానికి డబ్బు పడదు. బస్సులో నగదు తీసుకోరు. ఒకే కార్డుతో ఇద్దరికీ కొట్టేద్దామంటే కుదరదు, మనిషికో కార్డు ఉండాలి. పెద్దవాళ్ళు అలిగి నిలబడేది సరిగ్గా ఇక్కడే. మన బ్యాంకు కార్డయితే విదేశీ వాడకం ముందే ఆన్ చేయించుకోండి, బ్యాంకు పైన వేసుకునే మార్కప్ ఎంతో కనుక్కోండి. థేమ్స్‌లో తిరిగే పడవలో కూడా కార్డు పనిచేస్తుంది గానీ, ఆ ఛార్జీ బస్సూ రైళ్ళ రోజువారీ గరిష్ఠ పరిమితిలో కలవదు, విడిగా పడుతుంది. సరదాకైతే ఒక వైపు చాలు.