పినొటాజా, షెనిన్ బ్లాంకా? దక్షిణాఫ్రికా వైన్‌లలో ఏది మేలు?

దక్షిణాఫ్రికా వైన్ అనగానే చాలామంది పినొటాజ్ అనే ఎర్ర వైన్ పేరే చెబుతారు. అక్కడే పుట్టిన ద్రాక్ష మరి. 1925లో స్టెలెన్‌బాష్‌లో అబ్రహాం పెరోల్డ్ అనే ప్రొఫెసర్ పీనో న్వార్, సాన్సో అనే రెండు ద్రాక్ష రకాలను సంకరం చేసి దీన్ని పుట్టించాడు. మొదటిది రుచిలో గొప్పదే గానీ పెంచడం కష్టం. రెండోది ఎండకు ఓర్చుకుని బాగా కాస్తుంది. చేతికొచ్చినవి నాలుగే గింజలు. వాటిని ఇంటి తోటలో నాటి, 1927లో ఆయన వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. గడ్డి పెరిగిపోయిన ఆ తోటలోంచి మొక్కల్ని కాపాడింది చార్లీ నీహౌస్ అనే యువ లెక్చరర్. ఎంతో ఇష్టమైన కథ నాకిది. అయినా నా ఓటు షెనిన్ బ్లాంక్ అనే తెల్ల ద్రాక్షకే.

ఎండ ఎక్కువయ్యేకొద్దీ ద్రాక్షలో చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ఆ చక్కెరే ఆల్కహాల్‌గా మారుతుంది కాబట్టి వైన్ ఘాటుగా, బరువుగా తయారవుతుంది. షెనిన్ మాత్రం అంత వేడిలోనూ పులుపు వదలదు. దక్షిణాఫ్రికాలోని స్వార్ట్‌లాండ్ ప్రాంతంలో నీటి తడి లేకుండా, పందిరి లేకుండా పొదల్లా పెరిగే ముసలి తీగల నుంచి కూడా తాజాగా ఉండే వైన్ వస్తోందంటే కారణం అదే. పైగా ఈ ఒక్క ద్రాక్షతో తేలికపాటి వైన్, పీపాలో ఊరిన చిక్కటి వైన్, తియ్యటిది, బుడగలొచ్చేది, అన్నీ చేస్తారు. ఒకప్పుడు బ్రాందీ కాయడానికి విరివిగా వాడిన ద్రాక్షకు ఈ గౌరవం ఆలస్యంగా దక్కింది.

పినొటాజ్‌ను అజాగ్రత్తగా పులియబెడితే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొడుతుంది. బాగా చేస్తే నల్లటి పండ్ల రుచి, కాస్త పొగ వాసన ఉంటాయి. నిప్పుల మీద కాల్చిన మాంసానికి అంతకన్నా మంచి జోడీ లేదు. కాఫీ పినొటాజ్ అని అమ్మేదాంట్లో కాఫీ ఏమీ కలపరు, బాగా కాల్చిన ఓక్ చెక్క నుంచి వచ్చే వాసన అది.

మన కారం కూరల పక్కన ఎర్ర వైన్‌లోని వగరు, ఆల్కహాల్ కలిసి నోటి మంటను పెంచుతాయి. కొంచెం తీపి మిగిల్చిన షెనిన్‌ను చల్లగా తాగితే మంట తగ్గుతుంది. కొనేటప్పుడు సీసా మీద ఓల్డ్ వైన్ ప్రాజెక్ట్ (Old Vine Project, ఇక్కడ వైన్ అంటే ద్రాక్ష తీగ) ముద్ర ఉందేమో చూడండి. అది 35 ఏళ్లు దాటిన తోటలకే ఇస్తారు, తోట నాటిన సంవత్సరం కూడా దానిమీదే ఉంటుంది.