ఇన్సినరేటర్‌కి చవక గ్యాస్ అనలైజర్ కొంటున్నారా? సీఓ2 సెన్సర్ ఉందో లేదో ముందు తేల్చుకోండి

చెత్త కాల్చే ఇన్సినరేటర్‌లో కంబషన్ ఎఫిషియెన్సీ (చెత్త ఎంత పూర్తిగా మండుతోందో చెప్పే శాతం) చూసుకోవడానికి తక్కువ ధర ఫ్లూ గ్యాస్ అనలైజర్ (చిమ్నీ పొగలోని వాయువుల్ని చూపే మెషీన్) తీసుకోబోతున్నవాళ్లు డబ్బు కట్టేముందు ఇది చదవండి. మా యూనిట్‌కి వచ్చిన మెషీన్ తెర మీద ఆక్సిజన్, సీఓ (కార్బన్ మోనాక్సైడ్), సీఓ2 (కార్బన్ డయాక్సైడ్) మూడూ కనిపిస్తాయి. విప్పి చూస్తే లోపల సెన్సర్లు రెండే, ఆక్సిజన్‌ది, సీఓది. సీఓ2ని అది కొలవదు, లెక్కగట్టి చూపిస్తుంది. బ్రోచర్‌లో మాత్రం మూడింటినీ ఒకే వరసలో కొలతలుగా వేశారు. అమ్మినవాళ్లు ఈ ముక్క ఎక్కడా చెప్పలేదు.

మనకి కావాల్సిన అంకె నిలబడేదే సీఓ2 మీద. సీఓ2 శాతాన్ని సీఓ2, సీఓ శాతాల మొత్తంతో భాగించి 100తో గుణిస్తే వచ్చేది కంబషన్ ఎఫిషియెన్సీ. ఈ మెషీనేమో మెనూలో మీరు ఎంచుకున్న ఇంధనానికి గరిష్ఠంగా ఎంత సీఓ2 వస్తుందో ఆ అంకె తీసుకుని, ఆక్సిజన్ మామూలు గాలిలో ఉండే 20.9 శాతం నుంచి ఎంత పడిందో చూసి, ఆ నిష్పత్తిలో సీఓ2 వేసేస్తుంది. గ్యాస్, డీజిల్ బాయిలర్లకి ఇది బాగానే పనికొస్తుంది, అక్కడ ఇంధనం మారదు కాబట్టి. చెత్తకి ఆ గరిష్ఠ అంకె ఎక్కణ్ణుంచి తెస్తారు? ఒక లోడులో తడి గుడ్డలు, ఇంకో లోడులో ప్లాస్టిక్. బర్నర్ తాగే డీజిలో గ్యాసో కూడా ఆ పొగలోనే కలుస్తుంది.

లెక్క వేసి చూడండి. చిమ్నీలో ఆక్సిజన్ 11 శాతం, సీఓ 600 పీపీఎం (పది లక్షల భాగాల్లో 600, అంటే 0.06 శాతం) ఉందనుకుందాం. మెనూలో సహజవాయువు పెడితే సీఓ2 సుమారు 5.6 శాతం, ఎఫిషియెన్సీ 98.9. కట్టె అని మారిస్తే అదే పొగకి సీఓ2 9.6, ఎఫిషియెన్సీ 99.4. 99 శాతం హద్దు ఉన్నచోట ఒక మీటకి ఫెయిల్, ఇంకో మీటకి పాస్! సీఓ ఎక్కువగా ఉందంటే సరిగా మండని పదార్థాలు ఇంకా ఏవేవో చిమ్నీలోంచి పోతున్నట్టే. ఆ గాలి పీల్చేవాళ్లు ఉన్నారు. ఇది కాగితం మీద అంకెల గొడవ కాదు.

అమ్మినవాళ్లని అడిగితే, తెర మీద ఎఫిషియెన్సీ అని ఇంకో అంకె ఉంది కదా, అది చూసుకోండి అన్నారు. అది బాయిలర్‌ది. పొగతో పాటు ఎంత వేడి బయటికి పోతోందో చెప్పే లెక్క, దీనికీ దానికీ సంబంధం లేదు.

సీఓ సెన్సర్ రేంజి కూడా చూడండి. మాది 2000 పీపీఎం వరకే. కొత్త లోడు వేసినప్పుడు సీఓ ఒక్కసారిగా ఎగబాకుతుంది, సెన్సర్ పాడవకుండా పంపు ఆగిపోతుంది. అంటే అసలు చూడాల్సిన నిమిషాలే రికార్డులో ఉండవు, సగటు మాత్రం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. హైడ్రోజన్ కాంపెన్సేషన్ (హైడ్రోజన్ ప్రభావాన్ని తీసేసే ఏర్పాటు) లేని సెన్సర్ అయితే పొగలోని హైడ్రోజన్‌ని కూడా సీఓ కింద జమ కట్టేస్తుంది.

ఈ ధరలో అందరివీ ఇంతేనని వాళ్ల ఆఖరి జవాబు. నేను ఒప్పుకోను. సీఓ2ని నేరుగా కొలిచే ఎన్‌డీఐఆర్ (పరారుణ కాంతితో పనిచేసే) సెన్సర్లు ఇప్పుడు గదిలో గాలి చూసే చిన్న పరికరాల్లో కూడా ఉంటున్నాయి, పొగకి కావాల్సినట్టు శాతాల్లో కొలిచే రకాలూ దొరుకుతున్నాయి. కాబట్టి సీఓ2ని ఏ సెన్సర్‌తో కొలుస్తారో కొటేషన్‌లోనే రాయించుకోండి. డెమోలో ప్రోబ్ (పొగని లాగే గొట్టం) పొగలో ఉండగానే మెనూలో ఇంధనం మార్చమనండి, సీఓ2 అంకె కూడా మారిపోతే అది లెక్కగట్టేదే. నైట్రోజన్ సిలిండర్ అందుబాటులో ఉంటే ఇంకా మేలు. ఒట్టి నైట్రోజన్ పంపితే సీఓ2 సున్నా రావాలి, లెక్కగట్టే మెషీన్ సహజవాయువు మెనూలో 12కి దగ్గరగా చూపిస్తుంది. అది చూశాకే చెక్కు రాయండి.