పదమూడేళ్ళ వాడకం తర్వాత మా ఇంటి పాత కుట్టుమిషన్ల గురించి

మా ఇంట్లో ఇప్పుడు తొమ్మిది కుట్టుమిషన్లున్నాయి. అన్నీ నల్లటి ఇనప మిషన్లే, ఒక్కదానికీ కరెంటు అక్కర్లేదు. రాజోలు, పాలకొల్లు, మండపేట చుట్టుపక్కల ఎవరింట్లోనైనా పాత మిషన్ తీసేస్తున్నారని తెలిస్తే ఆ పూట నాకు అన్నం సయించదు, వెళ్ళి చూసి రావాల్సిందే. చూశానంటే చాలాసార్లు అది ఆటోలో నాతో పాటే ఇంటికి వచ్చేస్తుంది. చూసుకుని మురవడానికి మాత్రం కాదండి. జాకెట్లు, లంగాలు, గలీబులు, పిల్లల గౌన్లు, ఊళ్ళోవాళ్ళ చీరలకి ఫాల్స్, అన్నీ వీటి మీదే కుడతాను. ఎనిమిదింటికీ నెలలో ఒక్కసారైనా వంతు వస్తుంది. తొమ్మిదోదాని సంగతి తర్వాత చెబుతాను.

మొదటిది మా అత్తయ్యగారిది, సింగర్ 15కె, కాలి మిషన్. పలక మీద కుడివైపు నెంబరు ఉంటుంది, దీనిది ‘వై’ అక్షరంతో మొదలవుతుంది. అంటే 1920లు, 30ల నాటిది, స్కాట్లండ్‌లో క్లైడ్‌బ్యాంక్ ఫ్యాక్టరీలో తయారైంది. 15కె, 28కె, 66కె అని చివర ఉండే ‘కె’ ఆ ఫ్యాక్టరీ గుర్తే. 1885లో తెరిచిన ఆ ఫ్యాక్టరీ 1980లో మూతపడింది, అక్కడ పుట్టిన మిషన్ మాత్రం మా వరండాలో ఇవాళ పొద్దున కూడా రెండు జాకెట్లు కుట్టింది. 1986 ఆగస్టు గోదావరి వరదకి మా ఇంట్లో నడుం లోతు నీళ్ళొస్తే మావయ్యగారు ముందు బియ్యం బస్తా, తర్వాత ఈ మిషన్ తల అటకెక్కించారట. కింద స్క్రూలు రెండు వదులు చేస్తే తల ఊడి వచ్చేస్తుంది కాబట్టి సరిపోయింది, స్టాండు మాత్రం రోజుల తరబడి బురదనీళ్ళలోనే ఉండిపోయింది. పోత ఇనుము కదా, కడిగి తుడిచి నూనె రాస్తే మళ్ళీ తొక్కడానికి వచ్చేసింది.

నా చేతికి వచ్చేసరికి ఆ మిషన్ తొక్కుతుంటే పిక్కలు లాగేసేవి. సూది మార్చాను, తోలు బెల్టు మార్చాను, ఏమీ తేడా లేదు. పాలకొల్లులో ఒక పెద్ద మెకానిక్ గారు చక్రం ఒక్కసారి తిప్పి చూసి, “దీనికి రోగమేం లేదమ్మా, కొబ్బరినూనె పోశారు” అన్నారు. నిజమే. కోనసీమలో తలకైనా తలుపు కీలుకైనా కొబ్బరినూనే కదా, అత్తయ్యగారు ముప్పై ఏళ్ళు అదే పోశారు. అది ఏళ్ళ తరబడి లోపల గడ్డకట్టి, జిగురై, కదిలే ప్రతి చోటా పట్టేస్తుంది. పాత మిషన్ బిగుసుకుపోయిందని పాత ఇనుముకి వేసేవాళ్ళలో చాలామందికి తెలియాల్సింది ఈ ఒక్క ముక్కే. నూనె రంధ్రాలన్నిట్లో కిరోసిన్ చుక్కలు వేసి, ఒక రాత్రి ఉంచి, పాత పంచె గుడ్డతో తుడుస్తూ నెమ్మదిగా చక్రం ఆడించాలి. కిరోసిన్ ఆరిపోతే తుప్పు పట్టుకుంటుంది, అందుకని వెంటనే మిషన్ ఆయిల్ వేయాలి. అసలు మిషన్ ఆయిలే వేయాలి, వంటనూనె ఏదీ వద్దు. రోజూ కుట్టేవాళ్ళయితే ప్రతి రంధ్రంలో రోజుకో చుక్క. నేను ఈ పదమూడేళ్ళలో మిషన్ల మీద పెట్టిన ఖర్చులో అతి తక్కువది నూనె ఖర్చు, అతి ఎక్కువ ఫలితం ఇచ్చిందీ అదే.

ఇంకో మాట, ఇది నా చేత్తో నేను పాడుచేసుకుని నేర్చుకున్నది. రెండో మిషన్ మురికిగా ఉందని స్పిరిట్‌తో తుడిచాను. పాత మిషన్ల నలుపు మీదా బంగారు రంగు బొమ్మల మీదా లక్క వార్నీషు పూత ఉంటుంది, స్పిరిట్ తగిలితే అది కరిగిపోతుంది. దూదికి బంగారం అంటుకుని వచ్చేసింది, ఎనభై తొంభై ఏళ్ళు చెక్కుచెదరని పువ్వులు అరనిమిషంలో పోయాయి. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మిషన్ ఆయిల్‌లో ముంచిన మెత్తటి గుడ్డతో, తొందర లేకుండా, రెండు మూడు రోజులు తుడవండి, చాలు. కొత్త పెయింట్ అసలు వేయించకండి.

కుట్టు విషయానికొస్తే, అత్తయ్యగారి మిషన్‌లాంటి సింగర్ 15 రకానికి సాటి ఇంకోటి లేదనే నా అభిప్రాయం. కింది దారం చుట్టే బాబిన్ గుండ్రంగా ఉంటుంది, దాని కేసు బయటికి తీసి శుభ్రం చేసుకోవచ్చు, సూదీ బాబినూ ఇప్పటికీ ప్రతి ఊళ్ళో దారాల కొట్లో దొరుకుతాయి. నాకున్న రెండు నల్ల ఉషాలూ ఆ కోవవే. జయ్ ఇంజనీరింగ్ వాళ్ళు 1930ల్లో కలకత్తాలో మొదలుపెట్టిన పేరు అది, మా వైపు ఏ వీధిలో చూసినా ఒకటి కనిపిస్తుంది కాబట్టి దాన్ని పాత వస్తువుగా ఎవరూ లెక్కచేయరు, నాకు ఒకటి 1,800కి వచ్చింది, మూతతో సహా. మా మరదలి దగ్గర ఒక కొత్త మోటారు మిషన్ ఉంది, పేరు ఎందుకులెండి, జీన్స్ ప్యాంటు అంచు నాలుగు మడతల దగ్గర అది ఆగిపోతే నా దగ్గరికి తెస్తుంది. 16 నెంబరు సూది వేసి, చక్రం చేత్తో రెండు చుట్లు తిప్పితే అత్తయ్యగారి మిషన్ దాటేస్తుంది. జిగ్‌జాగ్ కావాలన్నా, కాజాలు కావాలన్నా మాత్రం వీటితో నేరుగా కుదరదు, దానికి నేను పీకో షాపుకే వెళ్తాను. వెనక్కి కుట్టు లేని మిషన్లకి చివర్లో బట్ట తిప్పి రెండు కుట్లు వేయాలి, అలవాటైపోతుంది.

అందం అంటారా, అది 28కె చేతి మిషన్. నరసాపురంలో ఒక లేసు ఇంటివాళ్ళ దగ్గర కొన్నాను. వంచిన చెక్క మూత, తాళంచెవితో సహా ఇచ్చారు. సఖినేటిపల్లి పంటు మీద గోదావరి దాటుతున్నంతసేపూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, కింద పెట్టబుద్ధి కాలేదు. ఇందులో బాబిన్ గుండ్రంగా ఉండదు, సన్నగా పొడుగ్గా ఉంటుంది, తూటా ఆకారం షటిల్‌లో కూర్చుని ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఆ చప్పుడు వేరు. చేత్తో తిప్పుతాం కాబట్టి ఒక్కో కుట్టూ మన చెప్పుచేతల్లో ఉంటుంది, గలీబు అంచుకి లేసు అతికేటప్పుడు నాకు ఇంకేదీ పనికిరాదు. నరసాపురం లేసుని 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారు, ఆ లేసు అల్లిన ఇంట్లోనే ఈ మిషన్ కూడా ఇన్నాళ్ళూ బతికింది. కొనేముందు షటిలూ బాబిన్లూ ఉన్నాయో లేదో చూసుకోండి, విడిగా వెతకాలంటే కష్టం. ఇంకా పాతవి, 1865లో వచ్చిన సింగర్ 12 రకం లాంటివి, చూడ్డానికి ఎంత బాగున్నా వాటి సూదులు ఇప్పుడు మామూలు కొట్లో దొరకవు, కుట్టాలనుకునేవాళ్ళు వదిలేయడమే మంచిది.

ధరల గురించి ఒక్కటి చెప్పాలి, ఎందుకంటే మోసపోయినవాళ్ళని చూశాను. 2009లో సౌదీలో ఒక పుకారు లేచింది, పాత సింగర్ మిషన్లలో ‘రెడ్ మెర్క్యురీ’ అనే ఎంతో విలువైన పదార్థం ఉంటుందని, సెల్‌ఫోన్ దగ్గర పెడితే తెలిసిపోతుందని. అక్కడ మామూలు మిషన్లు కార్ల ధర పలికాయి. గల్ఫ్‌కి వెళ్ళి వచ్చేవాళ్ళు మా వైపు ఎక్కువ కదా, ఆ మాట ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. పోయినేడు ఒకాయన నాకు ఫోన్ చేసి తన మిషన్‌కి రెండున్నర లక్షలు చెప్పాడు. అందులో ఇనుమూ ఉక్కే ఉంటాయి బాబూ, ఇంకేం ఉండవు. చక్రం తిరిగితే, తుప్పు లోతుగా లేకపోతే, షటిల్ ఉంటే, దాని విలువ కుట్టుకున్నవాళ్ళకి ఉంటుంది.

నన్ను నిజంగా బాధపెట్టేది ఇంకోటి. స్టాండు మీద గ్రానైట్ పలక వేసి వాష్‌బేసిన్లు, హోటల్ బల్లలు చేస్తున్నారు, తల మాత్రం కేజీల లెక్కన పాత ఇనుముకి వెళ్ళిపోతోంది. తిరుగుతున్న మిషన్ తలని అలా తూకం వేస్తుంటే చూడలేక రెండుసార్లు ఆ కాటా మీద నుంచే కొనుక్కొచ్చాను, స్టాండు లేకుండా. వాటికి చేతి పిడి బిగించి వాడుకుంటున్నాను.

సముద్రం గాలి తగిలే ఊళ్ళలో తుప్పు ఊరుకోదు, వానాకాలంలో మరీను. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపల చెమ్మ పడుతుంది, నేను పాత నూలు చీర కప్పుతాను.

తొమ్మిదోది పోయిన నెల మండపేట నుంచి వచ్చింది. అది కూడా కొబ్బరినూనె బాధితురాలే, మూత తీయగానే వాసన. చక్రం రాయిలా ఉంది. పదహారు రోజులుగా సాయంత్రం సాయంత్రం కిరోసిన్ వేస్తున్నాను, ఇవాళ పొద్దున అరచెయ్యి ఆనించి నొక్కితే ఒక అంగుళం కదిలింది.