బాలి ప్యాకేజీలో ‘అగ్నిపర్వతం సరస్సు ట్రెక్’ కొంటున్నారా? ముందు ఇది చదవండి

వైజాగ్‌లో బాలి ప్యాకేజీలు అమ్మేవాళ్లు ఈమధ్య ‘అగ్నిపర్వతం సరస్సు ట్రెక్, ఒక్క రోజులో’ అని అదనంగా ఒకటి తగిలిస్తున్నారు. ద్వారకానగర్‌లో ఒక ఏజెంటు దగ్గర మేమూ కొన్నాం. మనిషికి 8,500 చొప్పున నలుగురికి 34,000. నేను, మా ఆవిడ, పదేళ్ల మా అబ్బాయి, మా బావమరిది. విమానం, హోటల్ గురించి నాకు పేచీ లేదు. నా గొడవంతా ఈ 34,000 గురించే. డబ్బు సంగతి అలా ఉంచండి, పిల్లాడి మీదికి తెచ్చుకున్నంత పనైంది.

ఆ సరస్సు పేరు కవా ఇజెన్. అది అసలు బాలిలో లేదు. పక్క దీవి జావాలో, బన్యువాంగి వైపు కొండల్లో ఉంది. ఏజెంటు ఆ మాట చెప్పలేదు, మేమూ అడగలేదు. ఫోనులో ఒక ఫొటో చూపించాడు. నీలం, ఆకుపచ్చ కలిసిన నీళ్లు, అందులో ఇద్దరు ముగ్గురు ఈత కొడుతున్నారు. “బాబుకి స్విమ్మింగ్ డ్రెస్ మర్చిపోకండి మేడమ్” అని మా ఆవిడకు గుర్తు కూడా చేశాడు. ఇజెన్ నీళ్ల పీహెచ్ ఒకటి కంటే తక్కువ. అంటే కారు బ్యాటరీలో పోసే యాసిడ్ లాంటిదే. అంత ఘాటైన యాసిడ్ ఉన్న అగ్నిపర్వత బిలం సరస్సుల్లో ప్రపంచంలోనే అది పెద్దదంటారు. ఆ ఫొటో ఏ ఊరి చెరువుదో దేవుడికే తెలియాలి.

రెండో మోసం టైము. అక్కడికి జనం పరుగెత్తేది నీలి మంట కోసం. బిలం అడుగున పగుళ్లలోంచి వచ్చే గంధకం వాయువులు గాలి తగలగానే అంటుకుని నీలంగా మండుతాయి. చీకటి ఉన్నంతసేపే అది కనిపిస్తుంది. తెల్లారాక మంట ఉన్నా కంటికి ఆనదు. మా కాగితంలో ‘నీలి మంట దర్శనం’ అని రాసి, హోటల్ నుంచి బయల్దేరేది రాత్రి 12 గంటలకని వేశాడు. ఇప్పుడు లెక్క చూడండి. బాలిలో మా హోటల్ ఉన్న కూటా నుంచి గిలిమనుక్ రేవుకి నాలుగు గంటలు. అక్కడ పెద్ద పడవలో సముద్రం దాటడానికి ఎక్కడం దిగడంతో కలిపి గంట. అవతలి ఒడ్డు నుంచి కొండ కిందికి ఇంకో గంటకు పైనే. జావా గడియారం బాలి కంటే ఒక గంట వెనక కాబట్టి ఆ గంట కలిసొచ్చినా, మేం కొండ కింద దిగేసరికి తూర్పు ఎర్రబడిపోయింది. డ్రైవరు చాలా మర్యాదస్తుడు. “వైజాగ్ నుంచి వచ్చేవాళ్లందరికీ ఇదే టైము రాస్తారు” అని నవ్వాడు. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

పైకి వెళ్లాలంటే ఆరోగ్య సర్టిఫికెట్ కావాలి. డ్రైవరే దారిలో ఒక క్లినిక్ దగ్గర ఆపాడు. బీపీ చూసి, నాలుగు ప్రశ్నలడిగి కాగితం ఇచ్చారు, డబ్బులు మావే. మా ఆవిడకు చిన్నప్పటి నుంచి ఆయాసం. ఇన్‌హేలర్ చూడగానే ఆ నర్సమ్మ ఇక వద్దని చెయ్యి ఊపేసింది. 8,500 అక్కడే పోయాయి. పోతే పోయాయి, ఆమె కింద టీ కొట్టు దగ్గరే ఉండిపోవడం మంచిదైంది. ద్వారకానగర్‌లో డబ్బు కట్టించుకునేటప్పుడు ‘ఎవరికైనా ఆస్తమా ఉందా’ అని ఒక్క ముక్క అడగొచ్చు కదా. “అన్నీ ఇన్‌క్లూడెడ్ సార్, మీరు బూట్లు వేసుకుని బయల్దేరడమే” అన్నాడు తప్ప అడగలేదు.

ఎక్కడం మూడు కిలోమీటర్లే. గిరి ప్రదక్షిణలో 32 కిలోమీటర్లు నడిచిన కాళ్లకు ఇదొక లెక్కా అనుకున్నాం. కానీ దారి సగం పైగా నిట్టనిలువు, చలి లంబసింగి చలి. ఎదురుగా గంధకం మోసేవాళ్లు కావళ్లతో దిగుతుంటారు. పచ్చటి గడ్డలు నింపిన రెండు వెదురు బుట్టలు, 70 నుంచి 90 కిలోల బరువు. వాళ్లు కిర్రుకిర్రుమంటూ దిగుతుంటే మనం పక్కకు ఒదిగి నిలబడాలి.

పైకెళ్లి చూస్తే, అబద్ధం చెప్పను, ఆ సరస్సు చూడాల్సిందే. కింద దాదాపు కిలోమీటరు పొడవున పాలు కలిపిన మైలుతుత్తం రంగు. చుట్టూ బూడిదరంగు గోడలు. మావాడు పది నిమిషాలు నోరు మెదపలేదు.

అంతలో గాలి తిరిగింది.

వైజాగ్ వాళ్లకు గ్యాస్ అంటే ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ గ్యాస్ లీకైనప్పుడు ఆర్ఆర్ వెంకటాపురం నుంచి మా మేనమామ కుటుంబం కట్టుబట్టలతో పరుగెత్తింది. అయినా మేం ఏజెంటు ఇచ్చిన ప్యాకెట్ విప్పకుండానే నమ్మి పైదాకా మోసుకెళ్లాం. పైన ‘గ్యాస్ మాస్క్ కిట్’ అని స్టిక్కరు. లోపల నాలుగు నీలం సర్జికల్ మాస్కులు, కరోనా రోజుల్లో మందుల షాపుల్లో పెట్టెలకొద్దీ అమ్మినవి. ఆ పొగకు అవి అడ్డమా? తెల్లటి పొగ మా మీదికి రాగానే వంద అగ్గిపుల్లలు ముక్కులో గీసినట్టయింది. కళ్లు మండి నీళ్లు, గొంతు పట్టేసింది. మావాడు దగ్గుతూ వంగిపోయాడు. కాగితంలో ఉన్న గైడు మనిషి రూపంలో ఎక్కడా లేడు. కావడి మోసే ఒకాయన బరువు కింద దించి, తన మెడలో వేలాడుతున్న రబ్బరు మాస్కు మావాడి ముఖానికి పెట్టి, భుజం పట్టుకుని గాలికి ఎదురు వైపుకు తీసుకెళ్లాడు. తను మాత్రం తడిపిన తువాలు పళ్ల మధ్య బిగించుకున్నాడు. డబ్బు ఇవ్వబోతే మొదట తీసుకోలేదు.

అసలు మాస్కులు కొండ కిందే అద్దెకిస్తారు. యాభై వేల రుపయా అడిగారు, మన డబ్బుల్లో మూడొందల లోపు. ముఖానికి బిగిసి ఉండి, పక్కన వాయువుల్ని ఆపే ఫిల్టరు డబ్బీలుండాలి. గుడ్డ మాస్కు, ఎన్95 దుమ్మును ఆపుతాయి, గ్యాస్‌ను ఆపవు. పిల్లల ముఖానికి పెద్దల సైజు సరిగా అంటుకోదు కూడా. పదేళ్ల లోపు పిల్లల్ని నేనైతే ఇక తీసుకెళ్లను. బిలంలోకి దిగొద్దని బోర్డున్నా దింపుతామనే గైడ్లుంటారు, వినకండి. 2024 ఏప్రిల్‌లో ఫొటో కోసం అంచున నిలబడి ఒక చైనా పర్యాటకురాలు పడి చనిపోయింది.

తిరిగొచ్చాక ఏజెంటు ఆఫీసుకెళితే “అది అక్కడి లోకల్ వెండర్ తప్పు సార్” అన్నాడు. గట్టిగా అడిగితే అరకు ప్యాకేజీలో 2,000 తగ్గింపు కూపన్ ఇస్తానన్నాడు! ఆ కూపన్ అక్కడే వదిలేసి వచ్చాను.

కొనాలనుకునేవాళ్లు ఏ టైముకు హోటల్ వదులుతారు, ఏ టైముకు కొండ కింద దింపుతారు, మాస్కు ఏ రకం, గైడు ఎవరు, క్లినిక్ ఖర్చు ఎవరిది అన్నవి వాట్సాప్‌లో రాయించుకోండి. నా దగ్గర ‘అన్నీ ఇన్‌క్లూడెడ్’ అన్నది నోటిమాటగానే మిగిలింది. స్టిక్కరున్న ప్యాకెట్ ఫొటో తీసి ఉంచడం వల్ల కాస్త పట్టు దొరికింది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. దారికి రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. మనం కట్టింది 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే కేసు వేయొచ్చు కాబట్టి ఏజెంటు హైదరాబాద్‌ వాడైనా భయపడక్కర్లేదు.

నిన్న సాయంత్రం ఆ ఏజెంటు వాట్సాప్ స్టేటస్ చూశాను. అదే ఫొటో, అదే ఈత. కింద ‘ఇంకా 6 సీట్లే, పిల్లలకు సగం ధర’ అని ఉంది.